పేర్లు రాసింది మీరు, రుజువులు మేం తేవాలా? పాస్‌పోర్టు, ఆధార్ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన
విదేశాంగ శాఖలో పాస్‌పోర్టుల వ్యవహారాలు చూసే అధికారులకు,
ఆధార్ ప్రాధికార సంస్థ అధికారులకు,
తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగానికి,
ఉత్తర తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు, తహసీల్దార్లకు

విషయం: గల్ఫ్ కార్మికుల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో తీరుగా ఉండటంతో కుటుంబాలు పడుతున్న గోస, దాన్ని సరిచేసే బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలని వినతి.

అయ్యా, అమ్మా,

నమస్కారం. 2017 నుంచి పోస్టాఫీసుల్లోనూ పాస్‌పోర్టు కేంద్రాలు తెరిచారు. ఒకప్పుడు పాస్‌పోర్టు కావాలంటే పట్నం బస్సెక్కాల్సిందే. ఇప్పుడు నిజామాబాద్‌లో, కరీంనగర్‌లో, వరంగల్‌లో పని అవుతోంది. అందుకు కృతజ్ఞతలు. ఇక అసలు సంగతి.

నేను కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చినవాణ్ని. ఇప్పుడు మెట్‌పల్లిలో ఒక జిరాక్స్ షాపు పక్కన కూర్చొని జనానికి దరఖాస్తులు రాసిపెడతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే బాధ: కాగితాల్లో పేరు కలవడం లేదు. దీని మీద మండలం నుంచి పైదాకా అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు మా దగ్గర ఉన్నాయి, జవాబులే రాలేదు. అందుకే నలుగురికీ తెలిసేలా ఈ లేఖ రాస్తున్నాను.

మేం అడిగేది చిన్నది. మా పేర్లను ఇంగ్లిషులో ఎక్కించింది సర్కారు కూర్చోబెట్టిన మనిషి, సర్కారు పెట్టిన సిస్టం. తేడా బయటపడ్డప్పుడు మాత్రం నువ్వు నువ్వేనని రుజువు తెమ్మని కూలీని తిప్పుతున్నారు, అతని భార్యను తిప్పుతున్నారు, చదువు రాని తల్లిని తిప్పుతున్నారు. ఆ రుజువు బాధ్యత పేరు రాసినవాళ్లదే కావాలి.

ముందుగా, ఈ తేడాలు దొంగతనంతో వచ్చినవి కావని మీరు అర్థం చేసుకోవాలి. మా దిక్కు మనిషి పేరు వయసుతోపాటు మారుతుంది. బడిలో వేసిన నాడు గంగారాం అని రాయిస్తారు. పెండ్లయి పిల్లలు పుట్టాక ఊరు గంగన్న అంటుంది. మనుమలొచ్చాక గంగయ్య. రేషన్ కార్డు ఒక వయసులో రాశారు, ఓటరు కార్డు ఇంకో వయసులో, ఆధార్ మరో వయసులో. రాసేవాడు అడిగినప్పుడు, ఆ రోజుల్లో తనను నలుగురు ఏమని పిలుస్తున్నారో అదే చెప్పాడు. ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పుట్టింట్లో లచ్చు, బడిలో లక్ష్మి, అత్తగారింట్లో లచ్చవ్వ, రాసే సారుకు అవ్వ అనడం నచ్చకపోతే లక్ష్మమ్మ. పెండ్లితో ఇంటిపేరు కూడా మారుతుంది. నిజామాబాద్, బోధన్, కోరుట్లలోని ముస్లిం కుటుంబాల్లో మహ్మద్ అన్న ఒక్క పేరునే అన్నకు ఎం.డి. అని, తమ్ముడికి ఎం.ఓ.హెచ్.డి. అని, తండ్రికి పూర్తి అక్షరాలతో రాసిన ఇళ్లు ఉన్నాయి. కాగితాలు చూసేవాళ్లకు వాళ్లు ఒక ఇంటివాళ్లని అనిపించదు.

దీని మీద ఇంగ్లిషు స్పెల్లింగ్ ఒకటి. ఎల్లయ్యకు ముందు ఒకరు వై పెడతారు, ఒకరు ఈ పెడతారు. లక్ష్మికి ఒకరు కె.ఎస్.హెచ్. రాస్తే మరొకరు ఎక్స్ రాస్తారు. శ్రీనివాస్‌కు ఎన్ని స్పెల్లింగులో మీకే తెలుసు. ఆ పూట సిస్టం ముందు కూర్చున్న ఆపరేటర్‌కు ఏది తోస్తే అదే ఖాయం. ఆధార్ నమోదులో అయితే ఇంగ్లిషులో టైపు చేస్తుంటే పక్క గడిలో తెలుగు దానంతట అదే పడుతుంది. ఆపరేటర్ ఆగి దాన్ని దిద్దకపోతే రాజయ్య రాజైయా అయి కూర్చుంటాడు. మా పేరు తెలుగులో పుట్టి ఇంగ్లిషులోకి పోవాలి గానీ, ఇంగ్లిషులోంచి తెలుగులోకి రావడమేమిటి?

సరిహద్దు దాటేటప్పుడు ఈ అక్షరాలే మనిషి అవుతాయి. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 9303 నంబరు నిబంధనల ప్రకారం ఒక్కో వరుసకు 44 గళ్లు. మొదటి వరుసలో 5 గళ్లు పత్రం రకానికి, దేశం గుర్తుకు పోతే పేరుకు మిగిలేవి 39. వాటిలో ఇంగ్లిషు పెద్ద అక్షరాలు తప్ప వేరేవి పట్టవు. ఇంటిపేరు ముందు, రెండు బాణాలు, తర్వాత పేరు. విమానాశ్రయంలో మిషన్ చదివేది ఆ వరుసలనే. చేత్తో రాసిన పాత పాస్‌పోర్టులకు 2015 నవంబరు 24తో ప్రపంచమంతటా కాలం చెల్లింది. అప్పుడు మావాళ్లందరూ మిషన్ చదివే పాస్‌పోర్టులకు మారాల్సి వచ్చింది. పాత పుస్తకంలో గుమాస్తా చేత్తో రాసిన పేరు కొత్త పుస్తకంలో ఏ గడిలో పడిందో చూసుకునే చదువు మావాళ్లకు లేదు, చూపించిన మనిషీ లేడు.

ఇక గల్ఫ్‌లో దిగాక ఆ పేరు అరబ్బీలోకి మారుతుంది. అరబ్బీలో ప అక్షరం లేదు. పోశెట్టి అక్కడ బోశెట్టి అవుతాడు. ఇఖామా (అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు) మీద అదే, ఆసుపత్రి చీటీలో అదే, పోలీసు రికార్డులో అదే. రేపు అతనికేమైనా అయితే మరణ ధ్రువపత్రం అరబ్బీలో వస్తుంది, అనువాదకుడు దాన్ని చూసి మళ్లీ ఇంగ్లిషులో రాస్తాడు. తెలుగు నుంచి ఇంగ్లిషుకు, ఇంగ్లిషు నుంచి అరబ్బీకి, తిరిగి ఇంగ్లిషుకు. ఇన్ని చేతులు మారిన పేరు ఆధార్ కార్డుతో అక్షరం అక్షరం కలవాలని జిల్లా ఆఫీసులో అడుగుతున్నారు.

దీనివల్ల మా ఊళ్లలో జరుగుతున్నదేమిటో వరుసగా చెబుతాను.

1. విమానం ఎక్కకముందే నష్టం. దరఖాస్తులో సర్‌నేమ్ అన్న గడిని మావాళ్లలో చాలామంది ఖాళీగా వదిలేస్తారు. ఇంటిపేరుతో ఎవరూ పిలవరు గనుక అది పేరులో భాగమన్న ఆలోచనే రాదు. 2022 నవంబరులో, పాస్‌పోర్టులో ఒకే మాట పేరుగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ ప్రకటించింది. ఆ తర్వాత చివరి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని సడలించారు, అక్కడ రెసిడెన్సీ ఉన్నవాళ్లకు అది వర్తించదన్నారు. కానీ ఆ వివరణ మా మండలాలకు చేరేలోపు ఏజెంట్లు ప్రయాణాలు ఆపేశారు, కొందరు మళ్లీ పాస్‌పోర్టు తీయిస్తామని డబ్బు గుంజారు. పాస్‌పోర్టు మళ్లీ తీయాలంటే 1500 రూపాయలు, తత్కాల్ అయితే పైన ఇంకో 2000. అది పెద్ద లెక్క కాదనిపించవచ్చు. రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్షలు ఏజెంటు చేతిలో పెట్టి, వీసా గడువు కరిగిపోతుంటే ఇంట్లో కూర్చున్నవాడికి అసలు నష్టం ఆ మిత్తి. అమెరికా పోయే పిల్లలకూ ఈ కష్టం ఉంది. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే వీసాలో అది ఇంటిపేరు గడిలోకి పోయి, పేరుండాల్సిన చోట ఎఫ్.ఎన్.యూ. అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. హనుమకొండలో ఇంజినీరింగ్ చదివి అక్కడికి పోయిన పిల్లలు బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ మూడక్షరాలనే పేరుగా మోస్తున్నారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, ఎవరికి మెయిల్ పెట్టాలో తెలుసు. సెంట్రింగ్ కూలీకి ఆ దారి తెలియదు.

2. బీమా ఉండీ అందకపోవడం. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు వలస తనిఖీ అవసరమైన పాస్‌పోర్టు. 18 దేశాలకు పోవాలంటే వాళ్లు 1983 నాటి వలస చట్టం కింద అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతితోపాటే ప్రవాసీ భారతీయ బీమా. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. మంచి పథకం, కాదనను. అయితే ఫారం నింపేది ఏజెంటు, నామినీ పేరు రాసేది కూడా అతనే, ఫోనులో విని. ఇంటికాడ భార్యకు ఆ పాలసీ ఉన్నట్టే తెలియదు. తెలిసిన రోజున నామినీ పేరుకూ ఆమె ఆధార్‌కూ పొంతన కుదరదు.

3. జిల్లాల పేర్లు మారడం. ఇది పూర్తిగా ప్రభుత్వం చేసిన మార్పు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో 33. 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాల పేర్లు హనుమకొండ, వరంగల్‌గా మారాయి. పరకాలలో పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే వరంగల్ జిల్లా వాడు, వరంగల్ రూరల్ వాడు, హనుమకొండ జిల్లా వాడు అయ్యాడు. మెట్‌పల్లి వాడి పాత పాస్‌పోర్టులో కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఆధార్‌లో జగిత్యాల జిల్లా, తెలంగాణ. మాకు ఇదంతా తెలుసు, మీకూ తెలుసు. అక్కడి రాయబార కార్యాలయంలో కౌంటర్ దగ్గర కూర్చున్న వేరే రాష్ట్రం అధికారికి ఎట్లా తెలుస్తుంది? పాస్‌పోర్టు కఫీల్ (పని ఇచ్చిన యజమాని) దగ్గర ఇరుక్కుపోయో, పోగొట్టుకునో ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం) కోసం వచ్చినవాడి ఊరు, జిల్లా సరిచూడాలని ఇక్కడికి పంపుతారు. పాత జిల్లా పేరుతో వచ్చిన కాగితం పాత జిల్లా కేంద్రానికి పోతుంది, అక్కణ్నుంచి కొత్త జిల్లాకు, అక్కణ్నుంచి ఠాణాకు. కువైట్ 2024 మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈ అదే ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకు క్షమాభిక్ష ఇచ్చాయి. క్షమాభిక్ష గడువు మన ఫైలు కోసం ఆగదు. గడువు దాటితే జరిమానా, జైలు.

4. చావు. ఈ ఒక్కటి నిదానంగా చదవాలని కోరుతున్నాను.

ఒక బీడీ కార్మికురాలు నా దగ్గరికి వచ్చింది. భర్త సౌదీలో నిద్రలోనే చనిపోయాడు. శవాన్ని పంపడానికి కంపెనీ ఒప్పుకుంది, వారసుల సమ్మతి పత్రం కావాలంది. భర్త పాస్‌పోర్టు చివరి పేజీలో భార్య పేరు లక్ష్మి. ఆమె ఆధార్‌లో లచ్చవ్వ, ఇంటిపేరు పుట్టింటిది. ఇద్దరూ ఒకరేనని కాగితం తెమ్మన్నారు ఒక ఆఫీసులో. ముందు ఆధార్‌లో పేరు మార్పించుకొని వస్తే ఇస్తామన్నారు ఇంకో ఆఫీసులో. ఆధార్ కేంద్రంలో వేలు పెడితే మిషన్ పట్టలేదు. ఏళ్ల తరబడి తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టిన వేళ్లవి. చూపుడు వేలి కొసన గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. కొంగుకు తుడిచి పెట్టింది. తడిపి పెట్టింది. ఆపరేటర్ ఆమె వేలు మీద తన వేలు పెట్టి నొక్కి పట్టాడు. ప్రతిసారీ ఎర్ర లైటే. కంటిపాప మిషన్ ఆ రోజు పనిచేయడం లేదు. ఎల్లుండి రమ్మన్నారు. ఎల్లుండి సర్వర్ రాలేదు.

శవం ఊరు చేరేసరికి నెల దాటింది. అప్పటిదాకా ఆ ఇంట్లో దినాలు చేయడానికీ లేదు, పొయ్యి మీద మామూలుగా వండుకోవడానికీ మనసొప్పదు. చుట్టాలు వచ్చి, ఉండి, మళ్లీ వస్తామని పోయారు. సంస్కారం కాని చావు ఇంట్లో ఎట్లా ఉంటుందో మా ఊళ్లలో చాలా ఇళ్లకు తెలుసు.

ఆ తర్వాత డబ్బు సంగతి. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏళ్లుగా అడిగిన తర్వాత వచ్చిన ఉత్తర్వు అది, మాకు దాని విలువ తెలుసు. కానీ మరణ ధ్రువపత్రంలో అరబ్బీ నుంచి వచ్చిన పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు ఉంటే ఆ దస్త్రం టేబుల్ మీదే ఆగుతోంది. ఆపిన గుమాస్తాను నేను తప్పుపట్టను. రేపు ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పాల్సింది అతను. పేరు తేడా ఉన్నా ఫలానా పద్ధతిలో సరిచూసి ఇవ్వొచ్చని పై నుంచి రాసి ఉన్న కాగితం అతని చేతిలో లేదు. అది లేకపోవడమే తప్పు.

5. వేరేవాడి పేరుతో బతికినవాళ్లు. దీని గురించి బయట మాట్లాడరు, నేను మాట్లాడతాను. పాత రోజుల్లో ఏజెంట్లు ఫొటో మార్చిన పాస్‌పోర్టుల మీద, వేరేవాళ్ల పేర్ల మీద మనుషుల్ని పంపారు. చదువు రానివాడికి విమానం ఎక్కే రోజున పుస్తకం చేతిలో పెట్టి, ఎవరైనా అడిగితే నీ పేరు ఇది అని నేర్పారు. అట్లా పోయినవాళ్లు ఏళ్ల తరబడి ఆ పేరుకే పలికారు, ఆ పేరుతోనే జీతం తీసుకున్నారు. యూఏఈ 2000ల తొలి ఏళ్ల నుంచే కంటిపాపలు స్కాన్ చేస్తోంది. కువైట్ 2024 చివరికల్లా ప్రవాసులందరూ వేలిముద్రలు ఇవ్వాలని గడువు పెట్టింది. అంటే అక్కడి మిషన్‌లో ఆ కన్ను, ఆ వేలు వేరేవాడి పేరుతో ముడిపడిపోయాయి. సొంత పేరుతో పాస్‌పోర్టు తీసుకొని మళ్లీ పోతే నేరస్థుడిగా నిలబడాల్సి వస్తుంది. పోకుండా ఇక్కడే ఉంటే అన్నేళ్ల సర్వీసు డబ్బు తనదని చెప్పుకునే దారి లేదు. మోసం చేసిన ఏజెంట్లు మా టౌన్లలోనే ఇళ్లు కట్టుకొని ఉన్నారు. మోసపోయినవాళ్లు నోరు తెరవడానికి భయపడుతున్నారు.

6. రేపటి పిల్లలు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. మంచిదే, పాత గందరగోళం తగ్గుతుంది. మా తరంలో బడి సారు వయసు సరిపెట్టడానికి జూన్ నెల తేదీ వేసేవాడు, ఇప్పుడు ఆ అవసరం పోతుంది. కానీ ప్రసవం నాడు తండ్రి మస్కట్‌లోనో దోహాలోనో ఉంటాడు. ఆసుపత్రిలో తండ్రి పేరు చెప్పేది తాత. తాత నోట్లో అతను ఇంకా రాజుగాడే. పాస్‌పోర్టులో రాజేందర్. ఆ రోజు పడిన రెండక్షరాలు ఆ బిడ్డతో జీవితాంతం నడుస్తాయి. ఇప్పుడు చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు కూడా వస్తున్నాయి. తప్పు పేరు చిప్‌లోకి ఎక్కితే అది ఇంకా గట్టిపడుతుంది తప్ప సరికాదు.

ఇన్ని చెప్పాక, మేం కోరేవి ఇవి.

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: తహసీల్దార్ విచారణ చేసి, గ్రామ పంచాయతీలో నలుగురి ఎదుట సరిచూసి, ఈ ఈ పేర్లు గల మనిషి ఒక్కరేనని ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో పాస్‌పోర్టు నంబరు, ఆధార్‌లో పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా అన్నీ ఒకే చోట ఉండాలి. దాన్ని మీసేవలో నమోదు చేయాలి. పాస్‌పోర్టు ఆఫీసు, రాయబార కార్యాలయం, బ్యాంకు, బీమా కంపెనీ, కలెక్టరేట్ దాన్ని ఒప్పుకోవాలి. ఇప్పుడు ఒక్కో ఆఫీసు ఒక్కోటి అడుగుతోంది: ఒకరికి నోటరీ అఫిడవిట్, ఒకరికి రెండు పత్రికల్లో ప్రకటన, ఒకరికి గెజిట్. బీడీల మీద బతికే మనిషి పత్రికలో ప్రకటన ఎక్కడ వేయిస్తుంది? ఈ ధ్రువపత్రం గడువులోగా రావాలి. చావు కేసుల్లో అదే రోజు రావాలి.

రెండోది: ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. మోసాలు ఆపడానికి పెట్టారని తెలుసు. కానీ ఆపరేటర్ చేసిన తప్పును దిద్దుకోవడం ఆ లెక్కలోకి రాకూడదు, దానికి రుసుమూ తీసుకోకూడదు. పాత బడి రిజిస్టరో, పాత పాస్‌పోర్టో చూపిస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

మూడోది: నమోదు చేసేటప్పుడు పేరును ముందు తెలుగులో రాయాలి, మనిషికి చదివి వినిపించాలి, ఇంగ్లిషు స్పెల్లింగ్ ఇంట్లో మిగతావాళ్ల పాస్‌పోర్టులతో పోల్చి చూపాలి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే దాని వల్ల ఏమవుతుందో తెలుగులో చెప్పే మనిషి ప్రతి కేంద్రంలో ఉండాలి. ఇప్పటికే ఒకే పేరుతో పాస్‌పోర్టు ఉన్న కార్మికులకు రుసుము లేకుండా సరిచేసి ఇవ్వాలి.

నాలుగోది: పాత జిల్లాలు, కొత్త జిల్లాలు, మండలాల పట్టిక ఒకటి తయారుచేసి అన్ని రాయబార కార్యాలయాలకు పంపాలి. ఇది ఒక గుమాస్తా వారం రోజుల్లో చేయగల పని. ఇన్నేళ్లయినా ఎందుకు కాలేదో మాకు తెలియడం లేదు.

ఐదోది: శవాన్ని పంపడానికి, పరిహారం ఇవ్వడానికి పాస్‌పోర్టు నంబరు ఆధారం కావాలి, పేరు స్పెల్లింగ్ కాదు. స్పెల్లింగ్ తేడా కారణంగా దస్త్రం ఆపొద్దని రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. అప్పుడే గుమాస్తాకు ధైర్యం వస్తుంది.

ఆరోది: వేలిముద్ర పడనివాళ్లకు కంటిపాప గానీ ముఖం గానీ తీసుకునే ఏర్పాటు బీడీ కార్మికులున్న ప్రతి మండలంలో ఉండాలి. అది పనిచేస్తూ ఉండాలి. అరిగిన వేలు చూపించి మనిషిని వెనక్కి పంపకూడదు.

ఏడోది: ఏజెంట్లు వేరే పేరుతో పంపినవాళ్లను బాధితులుగా చూడాలి. ముందుకొచ్చి నిజం చెప్పినవాడి మీద కేసు పెట్టబోమని హామీ ఇవ్వాలి, అతన్ని సాక్షిగా పెట్టి ఏజెంటు మీద కేసు పెట్టాలి. ఆ దేశాలతో మాట్లాడి పాత రికార్డును సొంత పేరుకు మార్పించే దారి విదేశాంగ శాఖ చూడాలి. ఇది కష్టమని తెలుసు. కూలీ ఒక్కడే చేసుకోలేడు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నాం.

ఇవన్నీ నిబంధనలు మార్చాల్సిన పనులని మీరు అనవచ్చు. నిబంధనలు మారిన సందర్భాలు ఉన్నాయి. 2016 డిసెంబరులో పాస్‌పోర్టుకు పెండ్లి సర్టిఫికెట్ అక్కర్లేదని, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలని మార్చారు. ఒంటరి తల్లులకు అది ఎంత మేలు చేసిందో చూశాం. 2018 జనవరిలో వలస తనిఖీ అవసరమైనవాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు. చదువు లేదన్న సంగతి అట్ట మీదే కనబడితే విమానాశ్రయంలో మమ్మల్ని ఎట్లా చూస్తారోనని దేశమంతా అభ్యంతరం చెబితే ఆ నెలాఖరుకే ఆ ఆలోచన మానుకున్నారు. విన్నప్పుడు మీరు మారుస్తారని మాకు తెలుసు. అందుకే రాస్తున్నాం.

ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు కావాలి. పైన చెప్పిన ఏడింటిలో దేనికి ఒప్పుకుంటున్నారో, దేనికి లేదో, ఎందుకో చెప్పండి. రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక్కో ఆఫీసును విడివిడిగా అడుగుతాం: పేరు తేడా కారణంగా ఎన్ని పరిహారం దస్త్రాలు పెండింగ్‌లో ఉన్నాయి, ఎన్నాళ్లుగా ఉన్నాయి అని. 30 రోజుల్లో చెప్పాలి కదా. ఆ లెక్కలు చేతికొచ్చాక గల్ఫ్ కుటుంబాలున్న ప్రతి ఊళ్లో గ్రామసభ తీర్మానం చేయించి మళ్లీ మీ ముందుకు వస్తాం.

నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్, పెద్దపల్లి, వరంగల్ ఎంపీలకు, ఈ ప్రాంత శాసనసభ్యులకు ప్రతులు పంపుతున్నాను.

ఇట్లు,
మెట్‌పల్లి నుంచి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి దరఖాస్తులు రాసిపెట్టుకునే ఒక పౌరుడు,
కాగితాల్లో పేర్లు కలవక తిరుగుతున్న కుటుంబాల తరఫున